పట్టుకున్నారు సరే.. అసలువాళ్లెక్కడ?

2025 జులైలో పది రోజుల తేడాతో ముంబయిలో రెండు తీర్పులు వెలువడ్డాయి. 21వ తేదీన బాంబే హైకోర్టు, 2006 నాటి లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో కింది కోర్టు శిక్షించిన పన్నెండు మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. 31వ తేదీన ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం, 2008 నాటి మాలెగావ్ పేలుడు కేసులో ఏడుగురు నిందితులనూ వదిలేసింది. మొదటి కేసులో నిందితులు ముస్లింలు. రెండో కేసులో హిందువులు. టీవీ తెరలపై ఆ రోజుల్లో జరిగిన తంతు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మొదటి తీర్పుకు సంబరపడ్డవాళ్లలో చాలామంది రెండోదానికి గుండెలు బాదుకున్నారు. మొదటిదానికి మండిపడ్డవాళ్లలో చాలామంది రెండోదానికి పండగ చేసుకున్నారు. రెండు ఘటనల్లో కలిపి ప్రాణాలు పోయింది 195 మందికి. వాళ్లను చంపిందెవరన్న ప్రశ్న ఏ స్టూడియోలోనూ ఎక్కువసేపు నిలవలేదు.

నిందితుల హక్కుల గురించి రాసేవాళ్లు రాశారు, రాయాలి కూడా. ఇది రక్షణ, భద్రతల గురించి మాట్లాడుకునే చోటు కాబట్టి నేను అడిగేది అంతకంటే మోటు ప్రశ్న. వాళ్లలో పదకొండు మంది దాదాపు 19 ఏళ్లు జైల్లో ఉన్నారు. బాంబులు పెట్టింది వాళ్లు కాకపోతే, పెట్టినవాళ్లు ఆ 19 ఏళ్లూ ఎక్కడున్నారు? ఏం చేస్తున్నారు? మరో చోట మరో పేలుడు జరిగినప్పుడు వాళ్లలో ఎవరి చెయ్యి ఉంది? ఫైలు మూసేసిన కేసులో ఈ ప్రశ్నలు వేయడానికి ఏ అధికారికీ అవసరం ఉండదు. తప్పుడు అరెస్టు వల్ల దేశానికి జరిగే నష్టాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

2006 జులై 11 సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, పశ్చిమ రైల్వే లోకల్ రైళ్ల ఫస్ట్‌క్లాస్ పెట్టెల్లో దాదాపు పది నిమిషాల వ్యవధిలో ఏడు బాంబులు పేలాయి. 189 మంది చనిపోయారు. గాయపడ్డవారు 800 మందికి పైనే. మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం, ఏటీఎస్, కొద్ది వారాల్లోనే అరెస్టులు మొదలుపెట్టింది. వ్యవస్థీకృత నేరాలపై మహారాష్ట్ర చేసుకున్న ప్రత్యేక చట్టం మకోకా కింద విచారణ సాగింది. 2015లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి ఉరిశిక్ష, ఏడుగురికి యావజ్జీవం విధించింది. పదమూడో వ్యక్తిని తొమ్మిదేళ్ల తర్వాత నిర్దోషిగా వదిలింది. శిక్ష పడినవారిలో ఒకరు హైకోర్టు తీర్పు వినకుండానే 2021లో జైల్లో కన్నుమూశారు.

ఇక్కడ మకోకా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మన సాధారణ చట్టం ప్రకారం పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. బ్రిటిష్‌వాళ్లు రాసిన సాక్ష్యాధార చట్టంలోనే ఈ నిబంధన పెట్టారు, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలోనూ అది ఉంది. ఠాణాలో ఏం జరుగుతుందో వలస పాలకులకూ తెలుసు! మకోకా ఆ నిబంధనను పక్కన పెట్టి, ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసిన అంగీకార వాంగ్మూలాన్ని సాక్ష్యంగా ఒప్పుకొంటుంది. అంతకుముందు టాడా, పోటా చట్టాలు చేసిందీ ఇదే. ఇలాంటి వెసులుబాటు చేతిలో ఉన్న దర్యాప్తు అధికారి ఏం చేస్తాడు? పేలుడు పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు కొన్నారో, ఎవరు మోశారో నెలల తరబడి తవ్వుతాడా, లేక వాంగ్మూలం మీద సంతకం కోసం చూస్తాడా? మనుషులన్నాక దగ్గరి దారి వెతుక్కుంటారు. తప్పు మనిషిది కొంత, దారి చూపిన చట్టానిది ఎక్కువ అని నా అభిప్రాయం.

హైకోర్టు ఆ వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టి చదివింది. కొన్ని భాగాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టు ఉన్నాయంది. చిత్రహింసల ఆరోపణల్లో నిజం ఉందని భావించింది. నిందితులను గుర్తించిన టాక్సీ డ్రైవర్లు పేలుళ్ల తర్వాత వంద రోజులకు పైగా నోరు విప్పలేదు. అన్ని రోజుల తర్వాత, కాసేపు చూసిన ముఖం ఎలా గుర్తుందన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు. గుర్తింపు పరేడ్ జరిపిన అధికారికి అప్పటికి ఆ అధికారమే లేదని తేలింది. స్వాధీనం చేసుకున్నామన్న పేలుడు పదార్థాలకు సీళ్లు సరిగా లేవు. చివరకు ఏ రకం బాంబులు వాడారో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది. కేసు తేలిపోయిందన్న భ్రమ కల్పిస్తే ప్రజల నమ్మకం దెబ్బతింటుందని, అసలు ముప్పు మాత్రం బయటే ఉంటుందని న్యాయమూర్తులు తీర్పు మొదట్లోనే హెచ్చరించారు. మూడు రోజుల తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, ఇతర మకోకా కేసుల్లో ఈ తీర్పును ప్రమాణంగా చూపకూడదని స్టే ఇచ్చింది. విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్లనక్కర్లేదనీ చెప్పింది. అందువల్ల హైకోర్టు మాటే చివరి మాట అని నేను అనడం లేదు. కానీ సీలు లేని సంచిని, అధికారం లేని అధికారిని ఏ పైకోర్టూ వెనక్కి వెళ్లి సరిచేయలేదు. రెండో కేసు సంగతీ ఇంతే. బాంబు అమర్చారన్న మోటార్‌సైకిల్ ఎవరిదో, అసలు బాంబు అందులోనే ఉందో లేదో కూడా నిరూపణ కాలేదని ప్రత్యేక న్యాయస్థానం చెప్పింది. అనుమానం ఎంత గట్టిదైనా సాక్ష్యం కాదంది.

మాలెగావ్‌లోనే 2006లో జరిగిన వేరే పేలుళ్లను గుర్తుచేసుకుంటే ఈ ధోరణి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏటీఎస్ తొమ్మిది మంది స్థానిక ముస్లింలను అరెస్టు చేసింది. తర్వాత ఎన్‌ఐఏ పూర్తిగా వేరే వర్గానికి చెందినవారిపై అభియోగపత్రం వేసింది. ఒకే పేలుడుకు రెండు పరస్పర విరుద్ధ కథలు, రెండూ ప్రభుత్వ దర్యాప్తు సంస్థలవే! మొదట పట్టుబడ్డవారిని 2016 ఏప్రిల్‌లో కోర్టు కేసు నుంచి తప్పించింది. అప్పటికి వారిలో ఒకరు బతికి లేరు.

మన హైదరాబాద్‌కు ఇది పరాయి కథ కాదు. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో తీసుకెళ్లి ప్రశ్నించారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు మైనారిటీ కమిషన్ దాకా వెళ్లాయి. కొందరిపై పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొందరికి 3 లక్షల రూపాయలు, మరికొందరికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చి, సత్ప్రవర్తన పత్రాలు కూడా పంచింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేయడం వేరే సంగతి. దర్యాప్తు సీబీఐకి, అక్కడి నుంచి ఎన్‌ఐఏకి మారింది. నిందితులూ మారారు. 2018 ఏప్రిల్ 16న ఆ కొత్త నిందితులు ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మసీదులో పోయిన తొమ్మిది ప్రాణాలకు ఇవాళ్టికీ ఒక్క దోషి లేడు.

అలాగని మనవాళ్లకు దర్యాప్తు చేతకాదనుకుంటే పొరపాటు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయిన కేసు చూడండి. ఎన్‌ఐఏ 150 మందికి పైగా సాక్షులను కోర్టు ముందు నిలబెట్టింది. 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ముంబయి 26/11 కేసులో కసబ్‌కు కోర్టు లాయరును ఇచ్చింది, విచారణ నడిపింది, సుప్రీంకోర్టు దాకా అప్పీలు విన్నది. అదే కేసులో సాయం చేశారంటూ పోలీసులు పట్టుకొచ్చిన ఇద్దరు భారతీయులను సాక్ష్యం చాలదని కింది కోర్టే వదిలేసింది, పైకోర్టులూ సమర్థించాయి. కసబ్ శిక్షను ప్రపంచంలో ఎవరూ వేలెత్తి చూపలేకపోవడానికి ఆ ఇద్దరి విడుదల కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

అన్నట్టు, ఆ కసబ్‌ను ప్రాణాలతో పట్టుకోవడం వెనక ఉన్నది ఒక ఏఎస్సై. గిర్గావ్ చౌపాటీ దగ్గర తుకారాం ఓంబ్లే లాఠీ తప్ప మరే ఆయుధమూ లేకుండా ఏకే-47 గొట్టాన్ని చేతులతో పట్టుకుని, తూటాలన్నీ తన ఒంట్లోకి తీసుకున్నారు. అశోక చక్ర ఆయనకు మరణానంతరం వచ్చింది. కసబ్ బతికి దొరకబట్టే కుట్ర మూలాలు పాకిస్థాన్‌లో ఉన్నాయని మనం ప్రపంచానికి చూపగలిగాం. అదే చోట అతణ్ని కాల్చేసి ఉంటే చప్పట్లు దక్కేవి, సాక్ష్యం పోయేది.

చప్పట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి గురించి చెప్పక తప్పదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున 'దిశ' కేసు నిందితులు నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని నివేదిక ఇచ్చింది. 2022 మేలో అది బయటికొచ్చాక తదుపరి చర్యల కోసం తెలంగాణ హైకోర్టుకు చేరింది. ఆ పూలను పోలీసుల మీద నమ్మకంగా లెక్కగట్టినవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. దర్యాప్తు సవ్యంగా జరుగుతుందని, కోర్టులో కేసు నిలుస్తుందని, శిక్ష పడుతుందని నమ్మేవాడు రోడ్డు మీద హత్యకు ఎందుకు పూలు చల్లుతాడు? ఆ ఆడపిల్ల కనిపించడం లేదని ఆ రాత్రి ఇంటివాళ్లు ఠాణాకు వెళ్తే, అది మా పరిధి కాదని తిప్పిపంపారన్న ఆరోపణ మీద ముగ్గురు సిబ్బందిని సస్పెండ్ చేసిన సంగతి పూల వాన కింద మరుగున పడిపోయింది. జీరో ఎఫ్‌ఐఆర్ గురించి దేశమంతా చర్చ లేచింది ఆ రాత్రి వల్లే.

మన పత్రికల భాషలోనే జనం అభిప్రాయం దాగి ఉంది. 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అని మేం రోజూ రాస్తాం. ఆ శైలి ఏమిటని ఏ పాఠకుడూ అడగడు, అందరికీ తెలుసు కాబట్టి. 'అరెస్టు చూపించారు' అంటాం. ఎప్పుడో తీసుకెళ్లినవాణ్ని ఇవాళ కాగితం మీద చూపించారని దాని అర్థం. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంటే, దాన్ని దాటవేసే పనికి మనం ఒక మర్యాదైన క్రియాపదమే తయారుచేసుకున్నాం. ఈ మాటలు పుట్టింది విలేకరుల కలాల్లోనే, అందులో నా వృత్తివాళ్లందరికీ వాటా ఉంది.

ఖాకీల వైపు నుంచీ చూడాలి. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2025లో విడుదల చేసిన పోలీసింగ్ నివేదిక కోసం 8 వేల మందికి పైగా సిబ్బందిని ప్రశ్నించాయి. ప్రమాదకర నేరస్థుల్ని విచారణకు పంపేకంటే చంపేయడమే మేలని ఐదుగురిలో ఒకరికి పైగా చెప్పారు. ఆ జవాబు క్రూరత్వం నుంచి వచ్చిందని నేను అనుకోను. లక్ష జనాభాకు 200 మందికి దగ్గరగా పోస్టులు మంజూరైతే, ఉన్నవాళ్లు 150కి కాస్త అటూ ఇటూ. అందులోనూ మంత్రి పర్యటన, గణేశ్ నిమజ్జనం, పరీక్షలు, ఎన్నికలు, ధర్నాలు. బందోబస్తు ముగించుకుని అర్ధరాత్రి వచ్చిన ఎస్సై, పొద్దున్నే పోస్టుమార్టానికి శవం వెంట వెళ్లి, మధ్యాహ్నం కోర్టులో పాత కేసు సాక్ష్యం చెప్పి, సాయంత్రం కొత్త కేసు పంచనామా రాయాలి. పైనుంచి ఫోన్లు ఆగవు. 48 గంటల్లో పట్టుకోవాలన్న ఒత్తిడి తెచ్చేది ప్రభుత్వం ఒక్కటే కాదు, టీవీ చూసే మనం కూడా. అలా ఆదరాబాదరా కట్టిన కేసు ఆరేళ్లకు కోర్టులో కూలితే, అప్పటికి ఆ ఎస్సై సీఐ అయి వేరే జిల్లాలో ఉంటాడు. ఎవరూ పిలిచి అడగరు. పట్టుకున్న రోజు రివార్డు ఉంటుంది, కేసు కొట్టేసిన రోజుకు లెక్క ఉండదు.

సరిహద్దు రాష్ట్రాల్లో ఈ తొందరపాటుకు ధర మరీ ఎక్కువ. 2000 మార్చి 20న, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ భారత పర్యటన వేళ, కశ్మీర్‌లోని చిట్టీసింగ్‌పురాలో 35 మంది సిక్కులను ముష్కరులు వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఐదు రోజులకే పథ్రీబల్‌లో ఐదుగురు 'విదేశీ ఉగ్రవాదులను' మట్టుబెట్టామని, ఆ మారణకాండ చేసింది వాళ్లేనని ప్రకటించారు. చనిపోయింది తమవాళ్లని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. నిరసనకు దిగినవారిపై కాల్పుల్లో మరికొందరు పోయారు. డీఎన్‌ఏ నమూనాలు హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీకి వచ్చాయి. బంధువులవని పంపిన ఆ నమూనాలను మార్చేశారని బయటపెట్టింది మన హైదరాబాద్ శాస్త్రవేత్తలే. 2002లో మళ్లీ తీసిన నమూనాలతో, ఆ ఐదుగురూ స్థానిక పౌరులేనని తేలింది. సీబీఐ దాన్ని పథకం ప్రకారం చేసిన హత్యగా పేర్కొంది. సైన్యం 2014లో సాక్ష్యం లేదంటూ కేసు మూసేసింది. మరి 35 మంది సిక్కులను చంపినవాళ్లు? ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. ఐదు శవాలతో జవాబు చెప్పేశాక, అసలు ప్రశ్న వేసే ఓపిక వ్యవస్థకు మిగల్లేదు.

ఉగ్రవాది ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, సిమ్ కొంటాడు, పాత సైకిల్ బేరమాడతాడు. ఇవి ఉపగ్రహానికి కనపడవు. ఇంటి యజమానికి, కిరాణా కొట్టు వాడికి, సైకిల్ షాపు మేస్త్రీకి కనపడతాయి. వాళ్లు ఠాణాకు ఫోన్ చేస్తారా లేదా అన్నదే తేల్చాలి. ఫోన్ చేసినవాణ్నే పిలిచి రెండు రోజులు కూర్చోబెడతారన్న భయం ఉన్న వీధిలో ఎవరూ చేయరు. 'పోలీస్ స్టేషన్ గడప తొక్కొద్దు' అని పిల్లలకు నేర్పే ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని లేవు! ఆ ఊళ్లో ఎన్ని కెమెరాలు బిగించినా నిఘా గుడ్డిదే.

నమ్మకం పూర్తిగా తెగిపోతే ఏమవుతుందో పొరుగున చూశాం. 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలాక బంగ్లాదేశ్‌లో ఠాణాలు తగలబడ్డాయి, పోలీసులు రోజుల తరబడి విధులకు రాలేదు, ఢాకా కూడళ్లలో విద్యార్థులు ట్రాఫిక్ నడిపారు. ర్యాబ్ దళం 'క్రాస్‌ఫైర్' పేరుతో సాగించిన హత్యలను ఒకప్పుడు మెచ్చుకున్న జనం అక్కడా ఉన్నారు. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో ఒక్కరోజు కాల్పుల్లో 19 మంది నిరసనకారులు చనిపోతే, మర్నాటికి ప్రధాని ఓలీ గద్దె దిగారు. జైళ్ల నుంచి వేల మంది ఖైదీలు పారిపోయారు. వారిలో కొందరిని మన సరిహద్దు దగ్గర ఎస్‌ఎస్‌బీ పట్టుకుంది. పొరుగింటి పోలీసు కూలితే మన కంచె మీద భారం పడుతుంది.

మందు ఏమిటో తెలియక ఆగిన రోగం కాదిది. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి విడదీయడం అందులో ఒకటి. కీలక పోస్టుల్లో ఉన్నవారికి కనీసం రెండేళ్ల పదవీకాలం మరొకటి. పోలీసులపై ఫిర్యాదుల విచారణకు స్వతంత్ర ప్రాధికార సంస్థ ఇంకొకటి. చాలా రాష్ట్రాలు వీటిని కాగితం మీద ఒప్పుకుని, ఆచరణలో నీరుగార్చాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా బదిలీల తాళం చెవి వదులుకోలేదు. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో అదే కోర్టు ఆదేశించింది. రాజస్థాన్‌లో కస్టడీ మరణాల వార్త చదివి, ఆ కెమెరాలు ఏమయ్యాయని 2025 సెప్టెంబరులో కోర్టే తనంతట తాను కేసు చేపట్టాల్సి వచ్చింది.

వీటన్నిటిలో నేను ముందు పట్టుబట్టేది ఒక్కదానికి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, అది వీడియో తీయాలి. సోదాలు, స్వాధీనాల వీడియో కూడా ఇప్పుడు తప్పనిసరి. సీలు ఎప్పుడు వేశారో, సంచిలో ఏముందో, సాక్షి ఏ రోజు నోరు విప్పాడో పంతొమ్మిదేళ్ల తర్వాత కోర్టులో కొట్టుకునే అవసరం చాలావరకు తగ్గుతుంది. ఇంతా చేసి సరిపడా నిపుణులు, ప్రయోగశాలలు, వ్యాన్లు ఎక్కడ అన్నది రాష్ట్రాలు చెప్పాలి. ఫోరెన్సిక్ నిబంధన అమలు తేదీని ఖరారు చేసుకోవడానికి రాష్ట్రాలకు చట్టం ఇచ్చిన గడువు ఐదేళ్లు. హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు రాబోయే బడ్జెట్లలో పోలీసు శాఖకు కేటాయించే ప్రతి వంద రూపాయల్లో కొత్త వాహనాలకు ఎంత, ఫోరెన్సిక్ ల్యాబులకు ఎంత అన్నది శాసనసభలో ఎవరైనా లేచి అడగాలి.